మేడమ్ అడిగిన నాలుగు

నలుగురికి పని పంచే కుర్చీలో రేపో మాపో కూర్చోబోయేవాళ్లు మీలో కొందరైనా ఉంటారు. వాళ్ల కోసం నేను చేసిన ఒక బేరం గురించి రాస్తున్నాను. నా జన్మలో చేసిన బేరాలన్నింటిలోకీ సులువుగా కుదిరింది అదే. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ రోజు ఇంటికి వెళ్లి భోజనం చేస్తూ మా ఆవిడ దగ్గర గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ముందు నేను పెరిగిన తీరు కాస్త చెప్పాలి. చిక్కడపల్లి మార్కెట్ సందులో మా నాన్నకు స్టీలు సామాన్ల కొట్టు, నారాయణగూడలో మా పెదనాన్నకు బట్టల కొట్టు. బడి నుంచి రాగానే ఏదో ఒక గల్లా పక్కన కూర్చోవాల్సిందే. అక్కడ నేను నేర్చుకున్న చదువంతా ఒక్కటే: ఎదుటి మనిషి అడిగేదాంట్లో సగం గాలి ఉంటుంది. మనం తీసేస్తామని తెలిసే వాడు ఆ గాలి నింపుకుని వస్తాడు. తీయకపోతే మనం వాణ్ణి లెక్కచేయనట్టు. పెద్దయ్యాక కొట్టు మా తమ్ముడికి వెళ్లింది, బేరం నాకు మిగిలింది. డాక్టరు పది రోజులకు మందులు రాస్తే, ఏడు రోజులతో సరిపెట్టరాదా సార్ అని అడిగిన మనిషిని నేను.

ఆ ఆస్తి పట్టుకునే అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఆఫీసు మేనేజర్‌గా చేరాను. గ్రూప్స్‌కూ, ఇతర సర్కారు ఉద్యోగాల పరీక్షలకూ తయారు చేసే సెంటర్. ఏ హాల్లో ఏ సార్, ఏ గంటకు ఏ సబ్జెక్టు, ఎవరికి ఎంత విరామం, ఇవన్నీ నా చేతిలో ఉండేవి. మూడంతస్తుల భవనం, పైన డాబా మీద రేకుల షెడ్డు వేసి దాన్నీ ఒక హాలు చేశాం. మా డైరెక్టర్ గారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. పాఠం చెప్పడం తెలిసినంతగా మనుషులతో మాట్లాడటం ఆయనకు రాదు. మాట్లాడే పనులన్నీ, "మీకు తెలుసు కదండీ," అని నా మీద వదిలేసేవారు.

మా దగ్గర రీజనింగ్ చెప్పే మేడమ్ ఒకావిడ ఉండేది. జనగామ దగ్గరి పల్లె నుంచి తనూ ఒకప్పుడు ఉద్యోగం కోసమే వచ్చి, హాస్టల్లో ఉండి పరీక్షలు రాసి, ఉద్యోగం రాకపోతే పాఠాలు చెప్పడంలో పడింది. చెల్లెల్ని డిగ్రీ చదివిస్తూ నారాయణగూడలో చిన్న పోర్షన్ కిరాయికి తీసుకుని ఉండేది. ఆమె క్లాసంటే తెల్లారి ఆరింటికే ముందు బెంచీల మీద కర్చీఫులు పడేవి. కర్చీఫు పడితే సీటు పట్టినట్టు, అది అశోక్‌నగర్ చట్టం. అది తీసి పక్కన పెట్టినవాడితో ఆ బ్యాచ్ అయ్యేదాకా ఎవరూ మాట్లాడరు.

ఒకరోజు ఆమె ఒక కాలికే చెప్పుతో క్లాసులోకి వచ్చింది. రెండోది మెట్ల మీద ఊడిపోయిందట, తనకు తెలియనే లేదు. పిల్లలు నవ్వారు, తనూ నవ్వింది. నెల తిరక్కుండానే ఒక కన్ను మసకబారింది. ఆసుపత్రి, స్కానింగులు, ఐదు రోజులు సెలైన్‌లో మందు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. నరాల మీది పొరను మన ఒంట్లో రోగాలను అడ్డుకునే కాపలాయే తినేస్తుందని, ఎప్పుడు ఎక్కడ తింటుందో చెప్పలేమని డాక్టర్లు చెప్పారట. ఐదు నెలలు ఆమె రాలేదు. ఆమె క్లాసులు వేరే సార్‌కు ఇచ్చాం.

2011 వేసవిలో తిరిగి వచ్చింది. చిక్కిపోయింది, అడుగు కొంచెం ఆచితూచి వేస్తోంది. నా బల్ల ముందు కూర్చోగానే నేను అందరూ అడిగేదే అడిగాను, ఎప్పటికి తగ్గుతుందమ్మా అని.

"తగ్గదు సార్. వస్తది, పోతది, మళ్ల వస్తది. పోయినప్పుడు పని చేసుకోవాలె," అంది. తర్వాత ఇంకో మాట అంది. "ఐదు నెలల సంది అందరు ఎట్లున్నవ్ అని అడిగెటోళ్లే. ఒక్కరన్న ఒక లెక్క అడుగలే."

తనకు నాలుగు కావాలంది. కింది అంతస్తు హాలు. పొద్దున పదింటిలోపు అయిపోయే క్లాసులు. బోర్డు పక్కన ఒక కుర్చీ. రెండు గంటల క్లాసులో నడుమ పది నిమిషాల విరామం, ఆ పది నిమిషాలు లేడీస్ బాత్‌రూమ్ తాళం తీసి ఉండటం. మా దగ్గర ఆ తాళంచెవి బాత్‌రూములు కడిగే ఆయమ్మ నడుముకు ఉండేది, ఆమెను వెతుక్కోవడమే పది నిమిషాల పని.

అంతే. జీతం ఊసు లేదు. నాకు వెంటనే అనుమానం వచ్చింది. ధర గురించి మాట్లాడని గిరాకీ మా కొట్టుకు వస్తే మా నాన్న కళ్లద్దాలు సర్దుకుని మరీ చూసేవాడు. నాలుగు అడిగిందంటే రెండుకు సిద్ధపడే వచ్చి ఉంటుంది అనుకున్నాను. ఇంతకుముందు చెప్పిన గాలి లెక్క.

కింది హాలు జీకే చెప్పే పెద్ద సార్‌ది, ఆయన మోకాళ్లు బాగాలేవు, వచ్చే నెల చూద్దాం, అందాకా డాబా మీది హాలు అన్నాను. పొద్దున క్లాసులు మీ బదులు చెప్తున్న సార్ దగ్గర ఉన్నాయి, మీరు నిదానంగా పదకొండున్నరకు రండి, తెల్లారే లేచే పరేషాన్ ఉండదన్నాను. కుర్చీ డెమో అయ్యాక వేయిస్తానన్నాను. విరామం పది కాదు, ఐదు నిమిషాలు. ఇక కొసరు నా తరఫున: రోజుకు మూడు క్లాసులు చెప్పేవారు కదా, రెండే చెప్పండి అన్నాను. ఆమె అడగనిది ఇచ్చి, అడిగినవి నాలుగూ కోశాను. పైగా నేను దయ చూపించాననే అనుకున్నాను.

ఆమె నా బల్ల మీది టైంటేబుల్ వైపు ఒకసారి చూసి, "సరే సార్," అంది.

అంత తొందరగా ఒప్పుకునేసరికి, ఇంకొంచెం తగ్గించి చూడాల్సింది అనిపించింది నాకు. సిగ్గు లేకుండా రాస్తున్నాను, నిజంగా అనిపించింది. డైరెక్టర్ గారితో అంతా మాట్లాడేశానని చెప్పాను. ఏం అడిగింది, ఏం ఇచ్చాను అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన ఒక్కటే అన్నారు: "డెమో ఆవిడతోనే చెప్పిద్దామండీ. పిల్లలు నిలిస్తే బ్యాచ్ ఆవిడదే. లేకపోతే ఆ సారే కంటిన్యూ అవుతారు."

డెమో అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు. కొత్త బ్యాచ్ మొదలయ్యే ముందు ఊరికే చెప్పే పాఠం అది. జిల్లాల నుంచి బ్యాగులతో దిగిన పిల్లలు మా వీధిలోని సెంటర్లన్నింటిలో డెమోలు వింటారు. సాయంత్రం టీ కొట్ల దగ్గర నిలబడి ఎవరెట్లా చెప్పారో తేల్చుకుంటారు. అందులో కూర్చుని చెప్పిన సార్‌కు పని అయిపోయిందని పేరు పడుతుంది. మా సెంటర్లలో డెమోకు కుర్చీ వేయరు. నేను కుర్చీ వాయిదా వేయడానికి కారణం అదే.

ముందురోజు ఆయమ్మ నా గది తుడుస్తూ, "సారూ, మేడం మెట్లెక్కంగ గోడ పట్టుకుంటున్నది, సూసిండ్రా?" అంది. కొత్తగా వచ్చింది కదా, అలవాటవుతుందన్నాను. ఆమె చీపురు ఆపి నా వైపు చూసింది. "కొత్తగనా? ఆరేండ్ల సంది ఎక్కుతున్నది," అని చెప్పి మళ్లీ ఊడ్చుకుంటూ పోయింది. అప్పుడన్నా నా బుర్ర పని చేయాల్సింది.

మే నెల, పదకొండున్నర, డాబా మీది రేకుల షెడ్డు. రెండు వందల మందికి పైగా వచ్చారు. నేను వెనక గోడకు నిలబడ్డాను. మేడమ్ మొదటి అరగంట ఎప్పటిలాగే చెప్పింది. దిక్కుల లెక్కలు. ఒకడు ఇంటి నుంచి బయలుదేరి అటు తిరిగి ఇటు తిరిగి చివరికి ఎక్కడ తేలాడు అని అడిగే లెక్కలు. అప్పుడు కరెంటు పోయింది. మా జనరేటర్ కింది అంతస్తులకే. ఫ్యాన్లు ఆగిన నాలుగైదు నిమిషాల్లో షెడ్డు పెనంలా అయింది.

ఆమె బోర్డు మీద ఒక గీత గీసింది. రెండో గీత మొదటిదాని మీదే గీసింది. మూడోది బోర్డు దాటి గోడ మీదికి పోయింది. చేయి ఆగింది. వెనక్కి తిరగలేదు, ఎడమ చేత్తో బోర్డు అంచు వెతుక్కుని పట్టుకుంది. ముందు బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి. నేను పక్కనుంచి గబగబా వెళ్లి, ఆపేద్దాం అమ్మా, కరెంటు లేదని చెప్తాను, ఎవరూ ఏమనుకోరు అన్నాను.

ఆమె పెదాలు కదలకుండా మాట్లాడింది. "ఇయ్యాల ఆపితే రేపటి సంది నేను లేను సార్. మీరు వెనక్కి పోండి."

పోయాను. అప్పటికే డైరెక్టర్ గారు మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

ఆమె బోర్డు అంచు పట్టుకునే వేదిక చివరకు వచ్చి, మెల్లగా కిందికి కూర్చుంది, కాళ్లు నేల మీద పెట్టి. డెమోలో ఒక టీచరు కూర్చోవడం ఆ హాల్లో అదే మొదటిసారి.

"నాకు ఇప్పుడు బోర్డు కనిపిస్తలేదు," అంది, అంత మందితో, ఉన్నదున్నట్టు. "నాకు ఒక జబ్బున్నది. వేడికి కండ్లు కొద్దిసేపు ఇట్ల చేస్తయి. బుర్ర మంచిగనే ఉన్నది. మీరు పెన్నులు కింద పెట్టుండ్రి. ఎవరన్న ఒకరు బోర్డు దగ్గరికి రాండి."

వెనక బెంచీ నుంచి ముప్పై ఏళ్లు దగ్గరపడ్డ ఒకతను లేచి వెళ్లాడు. అప్పటికే ఐదారు పరీక్షలు రాసి వదిలేసినవాడిలా ఉన్నాడు. ఆమె నోటితో లెక్క చెప్పింది. ఒకాయన ఇంటి నుంచి ఉత్తరానికి పది మీటర్లు నడిచాడు. కుడికి తిరిగి ఆరు. మళ్లీ కుడికి తిరిగి పది. అప్పుడు ఎడమకు తిరిగి నాలుగు. ఇప్పుడు ఇంటికి ఏ దిక్కున, ఎంత దూరంలో ఉన్నాడు? అతను ఆమె చెప్పినకొద్దీ గీస్తూ పోయాడు. చివరి గీతకు హాలంతా నవ్వింది.

"నవ్వకుండ్రి. అన్న పడమరకు పోయిండు, అంతే కదా?" అంది మేడమ్.

బోర్డు దగ్గర ఉన్నతను చాక్‌పీస్ పట్టుకుని అటూ ఇటూ చూసి, "మీకు కనిపిస్తున్నదా మేడమ్?" అన్నాడు.

"కనిపిస్తలేదు. అందరు తప్పేది ఆ మలుపు కాడనే. ఆరేండ్ల సంది చూస్తున్న. దక్షిణానికి నడిచెటోనికి ఎడమ అంటే కాగితం మీద ఎడమ కాదు. అన్నా, ఇటు తలుపు దిక్కు మొఖం పెట్టి నిలబడు. అది దక్షిణం. ఎడమ చెయ్యి లేపు. ఏ దిక్కున్నది?"

"తూర్పు మేడమ్."

"అందరు లేవుండ్రి. అట్లనే తిరుగుండ్రి. చెయ్యి లేపుండ్రి."

రెండు వందల మంది ఆ రేకుల కింద లేచి, దక్షిణానికి తిరిగి, ఎడమ చేతులు ఎత్తారు. నేనూ ఎత్తాను. డైరెక్టర్ గారు చేయి ఎత్తలేదు కానీ ఆయన మెడ తూర్పుకు తిరగడం నేను చూశాను. అప్పుడు ఎవరో ముందు నుంచి జవాబు చెప్పారు, తూర్పున పది మీటర్లు అని. ఇంకో లెక్క. ఇంకోటి. బోర్డు దగ్గరికి మనుషులు మారుతూ వచ్చారు. ఒకమ్మాయి తన కర్చీఫు తడిపి తెచ్చి మేడమ్ చేతికి ఇచ్చింది. నలభై నిమిషాలు అలా జరిగింది. మధ్యలో ఒక పదిహేను మంది వెళ్లిపోయారు, అది కూడా చెప్పాలి. మిగిలినవాళ్లు పాఠం అయ్యాక కూడా వెంటనే లేవలేదు.

అందరూ దిగాక ఆమె దిగలేకపోయింది. కాళ్లు మొద్దుబారాయి. ఆయమ్మ బకెట్టు నీళ్లు, తువ్వాలు మోసుకొచ్చి, మెడకూ చేతులకూ తడిగుడ్డ చుట్టింది. ఒంటికి వేడి తగిలితే పాత ఇబ్బందులన్నీ పైకి వస్తాయని, చల్లబడితే సర్దుకుంటాయని మేడమ్ అప్పుడు చెప్పింది. అరగంటకు బోర్డు మీది అంకెలు మెల్లగా కనబడసాగాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే పైకి చదివి సరిచూసుకుంది. ఎండ పడని హాలు, ఎండెక్కని గంట, కుర్చీ, పది నిమిషాలు. ఆ నాలుగూ ఆ ఒంటికి సరిగ్గా ఎంత కావాలో అంతే. పెసరంత గాలి కూడా లేదు అందులో. తూకం తెలిసిన మనిషి అంటే నాకు మా నాన్నే గుర్తొచ్చేవాడు. ఆ మధ్యాహ్నం నుంచి ఈమె గుర్తొస్తుంది.

నేను చేసింది ఒప్పుకున్నాను. మీరు అడిగితే సగం తీసేయడం నా అలవాటమ్మా, ఆలోచించి చేసింది కాదు అన్నాను.

ఆమె తువ్వాలు కళ్ల మీద నుంచి తీసింది. "మీరు బేరం చేస్తరని తెలిస్తే ఎనిమిది అడుగుదును సార్," అంది. "ఐదు నెలలు పోయొచ్చిన. ఎక్కువ అడిగితే అసలుకే వద్దంటరేమో అని ఎంత కావాల్నో అంతే రాసుకొని వచ్చిన."

సాయంత్రం డైరెక్టర్ గారి గదికి వెళ్లాను. ఆయన అప్పటికే ఒక ఏర్పాటు ఆలోచించి ఉన్నారు. డౌట్స్ రూమ్. మధ్యాహ్నం పూట ఒక్కొక్క విద్యార్థి వచ్చి అడిగే సందేహాలు తీర్చే చిన్న గది. "చాలా బాగా చెప్పారండీ, కాదనను. కానీ రేపు క్లాసు మధ్యలో మళ్లీ ఇలాగే అయితే? కూర్చుని చేసుకునే పని ఇద్దాం, గౌరవంగా ఉంటుంది," అన్నారు. గౌరవంగా పక్కన పెట్టడం ఎలాగో నాకు తెలుసు. కొట్లో అమ్ముడుపోని మంచి వస్తువును మేము అద్దాల బీరువాలో పెట్టేవాళ్లం.

అప్పుడు చెప్పాను. ఆవిడ నాలుగు అడిగింది సార్, నాలుగూ నేనే కోశాను, మీకు చెప్పలేదు. ఇవాళ జరిగింది ఆవిడ జబ్బు వల్ల కాదు, నా టైంటేబుల్ వల్ల. ఆయన పేపర్‌వెయిట్ పక్కకు జరిపారు. "మరి ఏం చేద్దామంటారు?" అన్నారు. నాలుగూ అడిగాను. కుర్చీ, విరామం వెంటనే అన్నారు, పొద్దున క్లాసు సరేనన్నారు. హాలు దగ్గర ఆగారు. మొదటి అంతస్తు చాలదా అన్నారు. నా జీవితంలో మొదటిసారి, చాలదు సార్ అన్నాను. ఒక్క మెట్టు కూడా తగ్గలేదు. ఆయన నవ్వి, "మీరు బేరం చేయకపోతే భయమేస్తుందండీ," అని ఒప్పుకున్నారు. ఆ తర్వాత నుంచి మాత్రం ఏ ఏర్పాటైనా ఆయన నన్ను రెండుసార్లు అడిగి రాయించుకునేవారు. అది నాకు పడాల్సిందే.

మిగిలింది జీకే పెద్ద సార్‌ను కింది హాల్లోంచి కదిలించడం. ఆయన మోకాళ్ల గురించి ఒక పూటంతా విన్నాను. మొదటి అంతస్తుకు ఒప్పించడానికి రోజూ నేనే ఆయన బ్యాగు మోస్తానన్నాను. మూడేళ్లు మోశాను.

ఆ బ్యాచ్ మేడమ్‌ది అయింది. పొద్దున ఏడింటికి, కింది హాలు. నారాయణగూడ నుంచి ఆటోలో వచ్చి, కుర్చీలో కూర్చుని మొదలుపెట్టి, లేవాలనిపిస్తే లేచి, అలిసినప్పుడు కూర్చునేది. జబ్బు ముదరకుండా వారానికోసారి ఇంజెక్షన్ చేసుకున్న మర్నాడు జ్వరం వచ్చినట్టుండేది, ఆ రోజుకు తన క్లాసు వేరే సార్‌తో ముందే మార్చుకునేది. ఉద్యమం రోజుల బంద్‌ల వల్ల ఎగిరిపోయిన క్లాసులను అందరూ ఎలాగో ఒకలా ముగించేవాళ్లు, ఈమె మాత్రం లెక్కపెట్టి ఆదివారాలు చెప్పేది. నేను రోజూ ఆఫీసు తాళం తీశాక నేరుగా వెళ్లి ఆమె హాలు తలుపు దగ్గర నిలబడేవాణ్ణి. మొదట్లో భయంతో, తర్వాత ఇష్టంతో.

అంతా బాగుందని ముగిస్తే అబద్ధమవుతుంది. ఏడాదిన్నరకు జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఈసారి కాలు. ఆరు వారాలు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో కర్ర ఉంది. నా బల్ల ముందు కూర్చుని ఒక కాగితం పెట్టింది. నేను చూడకుండానే పెన్ను తీశాను, ఇక నా దగ్గర బేరాలు లేవమ్మా అని గొప్పగా అన్నాను.

"చదివి సంతకం పెట్టండి సార్," అంది. "చదవకుండ ఒప్పుకున్నోళ్లు తర్వాత మర్చిపోతరు."

చదివాను. మొదటి నాలుగూ పాతవే. ఐదోది కొత్తగా ఉంది: క్లాసు జరుగుతున్నప్పుడు మేనేజర్ గారు తలుపు దగ్గర నిలబడకూడదు, విద్యార్థులు ఆయన్నే చూస్తున్నారు.

వారానికి ఒక్కరోజన్నా నిలబడతానమ్మా అని అడిగాను.

"కుదరదు సార్," అంది.

సంతకం పెట్టాను.